కాళ్లు పొడిగించే ఆపరేషన్: ఒళ్లు ఎలా కనిపిస్తుందో ముందే కొలిచి చూసుకోవడం

ఈ ఆపరేషన్‌తో పెరిగేది ఒళ్లంతా కాదు, ఒక ఎముక. తొడ ఎముకనో మోకాలి కింది ఎముకనో కోసి, ఐదారు రోజులు ఆగి, రెండు ముక్కల్నీ రోజుకు మిల్లీమీటరు చొప్పున దూరం జరుపుతారు. ఆ సందులో కొత్త ఎముక పోసుకుంటుంది. చేతులు, మొండెం, పాదాలు, తల మాత్రం పాత కొలతల్లోనే ఉండిపోతాయి. కాబట్టి ఎన్ని సెంటీమీటర్లు వస్తాయని అడిగినవాళ్లు ఆ తేడా ఎక్కడ కనిపిస్తుందని కూడా అడగాలి. అది తొడకీ ముంగాలికీ (మోకాలి నుంచి చీలమండ దాకా ఉన్న భాగానికీ) మధ్య కనిపించవచ్చు, లేదా కాళ్లకీ పైభాగానికీ మధ్య కనిపించవచ్చు. ఒకచోట సర్దితే రెండోచోట బయటపడుతుంది. మీ ఒంటికి ఏ తేడా తక్కువ ఎబ్బెట్టుగా ఉంటుందో తేల్చుకోవడానికి ఒక టేపు, ఒక స్టూలు, ఒక ఫోను ఉంటే చాలావరకు సరిపోతుంది.

కొలతలు

మొత్తం ఐదు కొలతలు కావాలి. అన్నీ పొద్దున లేచిన గంటలోపు తీయండి. సాయంత్రానికి వెన్నుపూసల మధ్య డిస్కులు అణగి ఎత్తు సెంటీమీటరు దాకా, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ తగ్గుతుంది. ఒక కొలత పొద్దున, ఇంకోటి రాత్రి తీస్తే లెక్క మొదట్లోనే తప్పుతుంది.

ఎత్తు: చెప్పుల్లేకుండా మడమలు, పిరుదులు, వీపు గోడకు ఆనించి నిలబడి, తలమీద అట్ట పుస్తకాన్ని గోడకు లంబంగా పెట్టించి గుర్తు వేయించండి.

కూర్చున్న ఎత్తు: గట్టి స్టూలును గోడకు చేర్చి, పిరుదులు గోడకు తగిలేలా నిటారుగా కూర్చోండి. నేల నుంచి తల దాకా కొలిచి, అందులోంచి స్టూలు ఎత్తు తీసేయండి. మెత్తటి కుర్చీ పనికిరాదు, ఒత్తిడికి దిగిపోయి రెండు మూడు సెంటీమీటర్లు మింగేస్తుంది.

బార: చేతులు రెండూ భుజాల ఎత్తున చాచి, ఒక నడివేలి కొస నుంచి రెండో నడివేలి కొస దాకా.

తొడ: తుంటి పక్కన చేత్తో నొక్కితే గట్టిగా తగిలే ఎముక బుడిపె పైఅంచు నుంచి మోకాలి కీలు బయటి గీత దాకా. తొడ ఎముక తల ఆ బుడిపె కంటే కాస్త పైకి ఉంటుంది కాబట్టి అసలు ఎముక ఈ కొలత కంటే రెండు సెంటీమీటర్ల పైచిలుకు పొడవుంటుంది.

ముంగాలు: మోకాలి కీలు లోపలి గీత నుంచి చీలమండ లోపలి గిలక చివర దాకా.

చివరి రెండూ ఇంట్లో తీస్తే సెంటీమీటరు అటూ ఇటూ అవుతాయి. నిర్ణయం వాటిమీద ఆధారపడితే తుంటి నుంచి చీలమండ దాకా నిలబెట్టి తీసే పొడవాటి ఎక్స్‌రే కావాలి. అందులో కొలత తెలిసిన ఒక లోహపు గోళీ కాలి పక్కన పెట్టి ఉండాలి. మామూలు ఎక్స్‌రేలో ఎముక అసలుకంటే పెద్దదిగా పడుతుంది, ఎంత పెద్దదిగా పడిందో ఆ గోళీని బట్టే తెలుస్తుంది.

లెక్క

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఎత్తు 165 సెం.మీ., కూర్చున్న ఎత్తు 87, బార 166, తొడ ఎముక 44, ముంగాలి ఎముక 35. కూర్చున్న ఎత్తు మొత్తం ఎత్తులో 52.7 శాతం. ముంగాలిని తొడతో భాగిస్తే 0.80. పెద్దవాళ్లలో సగటు కూడా దాదాపు ఇదే. ఎక్కువమంది 0.74 నుంచి 0.86 లోపల ఉంటారు.

ఇప్పుడు తొడలో 6 సెం.మీ. పెంచితే ఎత్తు 171, కూర్చున్న ఎత్తు 50.9 శాతం, ముంగాలు–తొడ నిష్పత్తి 35/50, అంటే 0.70. బార ఎత్తుకంటే 5 సెం.మీ. తక్కువ.

ముంగాలిలో 5 సెం.మీ. పెంచితే ఎత్తు 170, కూర్చున్న ఎత్తు 51.2 శాతం, నిష్పత్తి 40/44, అంటే 0.91. బార 4 సెం.మీ. తక్కువ.

రెండూ చేయిస్తే ఎత్తు 176. నిష్పత్తి మళ్లీ 40/50, అంటే 0.80, మోకాలు చక్కగా పాత చోటికే వచ్చింది. కానీ కూర్చున్న ఎత్తు 49.4 శాతానికి దిగింది, బార 10 సెం.మీ. వెనకబడింది. "రెండూ చేయిస్తే ఒళ్లు సమంగా ఉంటుంది" అనే మాట సగమే నిజం. కాళ్లు తమలో తాము సమంగా ఉంటాయి, మనిషి మొత్తం కాదు.

ఈ ఉదాహరణలోని వ్యక్తి 0.74–0.86 హద్దు దాటకూడదనుకుంటే తొడలో 3.3 సెం.మీ., ముంగాలిలో 2.8 సెం.మీ. దగ్గర ఆగాలి. ముంగాలి ఎముక పొట్టిది కాబట్టి అక్కడ వేసిన ప్రతి సెంటీమీటరూ నిష్పత్తిని ఎక్కువ జరుపుతుంది: తొడలో సుమారు 0.016, ముంగాలిలో 0.023. అయితే పుట్టుకతోనే ముంగాళ్లు పొడవైనవాళ్లూ ఉంటారు. ముంగాలు 37, తొడ 44 ఉంటే మొదలే 0.84. అలాంటివాళ్లు తొడలో 6 పెంచినా 0.74 దగ్గర హద్దులోనే నిలుస్తారు. అదే మనిషి ముంగాలిలో 5 పెంచితే 0.95. ఏ ఎముక పెంచాలన్నది ముందుగా ఈ లెక్కతో చూడాలి. ఎముక అతకడం, కీళ్ల ఇబ్బందులు లాంటి కారణాలు చాలాసార్లు తొడవైపే మొగ్గుతాయి, కానీ అవి వేరే కారణాలు. వాటిని నిష్పత్తితో కలిపేయొద్దు.

కూర్చున్న ఎత్తు శాతం ముందే 50 దగ్గర ఉన్నవాళ్లు, బార ఎత్తుకంటే ముందే తక్కువ ఉన్నవాళ్లు రెండు ఎముకల ఆలోచన పెట్టుకోకపోవడం మేలు. మొండెం పొడవుగా ఉండి బార కూడా ఎక్కువున్నవాళ్లకు ఒళ్లు కలిసొస్తుంది. చేతులు కూడా పొడిగించుకుంటే సరి అని కొందరు అనుకుంటారు. దండ ఎముకను పొడిగించడం ఎముకల ఎదుగుదల లోపంతో పొట్టిగా ఉన్నవాళ్లకు చేస్తారు. కేవలం అందం కోసం, ఆ ఎముకను చుట్టుకుని పోయే నరాన్ని పణంగా పెట్టి చేయించుకోవడం దండగ బేరం.

కంటికి ఆనే తేడా

అద్దం ముందు నిలబడి చేతులు వదిలేసి, నడివేలి కొసకీ మోకాలి చిప్పకీ మధ్య ఎంత ఉందో చూడండి. తొడ పెంచితే తుంటి, భుజం, చేయి మొత్తం కలిసి పైకి వెళ్తాయి, మోకాలు ఉన్నచోటే ఉంటుంది. ఈ సందు సరిగ్గా పెంచినంత పెరుగుతుంది. చేతులు పొట్టిగా కనిపిస్తున్నాయనే మాట తొడ పెంచినవాళ్ల దగ్గర ఎక్కువ వినిపించడానికి ఇదే కారణం. ముంగాలు పెంచితే మోకాలు, చేయి రెండూ కలిసే పైకి లేస్తాయి కాబట్టి ఈ సందు మారదు. అక్కడ మారేది మోకాలి ఎత్తు, నిక్కరు వేస్తే తెలిసిపోతుంది, ప్యాంటు వేస్తే తెలియదు.

కూర్చున్నప్పుడు మరోలా ఉంటుంది. తొడ పెరిగితే మోకాళ్లు ముందుకు వస్తాయి, బస్సులో ముందు సీటుకు తగులుతాయి, కుర్చీ లోతు చాలదు. ముంగాలు పెరిగితే మోకాళ్లు తుంటి కంటే పైకి లేస్తాయి, బల్ల కింద ఇరుకవుతుంది.

ఇవి ఇంట్లోనే చేసి చూడొచ్చు. ముంగాలి పెంపు కోసం 5 సెం.మీ. మందం చెక్కమీద మొత్తం పాదం ఆనించి నిలబడి, అద్దంలో చెక్క కనపడకుండా అడ్డు పెట్టండి. హీల్ వాడొద్దు, అది మడమనే లేపి నడుము వంపు మార్చేస్తుంది. అదే చెక్కను కుర్చీలో కూర్చుని పాదాల కింద పెట్టుకుంటే మోకాళ్లు ఎంత లేస్తాయో తెలుస్తుంది. తొడ పెంపును నిలబడి నటించడం కుదరదు. కూర్చునైతే వీపుకీ కుర్చీకీ మధ్య 6 సెం.మీ. మందం పలక పెట్టుకుని ఒక పూట పని చేసి చూడండి.

తొడ పెంపును నిలువునా చూడాలంటే ఫొటోనే దారి. ఫోను బొడ్డు ఎత్తులో, నాలుగు మీటర్ల దూరంలో పెట్టండి. దగ్గర నుంచి, ఛాతీ ఎత్తున తీస్తే కాళ్లు కురచగా పడతాయి. రెండు ఫొటోలు తీయాలి: ఒకటి చేతులు కట్టుకుని, ఒకటి చేతులు వదిలేసి. తల నుంచి మడమ దాకా ఎన్ని పిక్సెళ్లో చూసి ఎత్తుతో భాగించండి. 1650 పిక్సెళ్లు, 165 సెం.మీ. అయితే సెంటీమీటరుకు 10. చేతులు కట్టుకున్న ఫొటోలో గజ్జల నుంచి మోకాలి చిప్ప పైఅంచు దాకా ఉన్న భాగాన్ని మాత్రమే, వెడల్పు కదపకుండా, 60 పిక్సెళ్లు నిలువుగా సాగదీయండి. పైభాగాన్ని అంతే పైకి జరపండి. తర్వాత రెండో ఫొటోలోంచి చేతుల్ని కత్తిరించి భుజాలకు అతికించండి. ఇంత తతంగం ఎందుకంటే, చేతులు వదిలేసిన ఫొటోను నేరుగా సాగదీస్తే తొడ పక్కనున్న వేళ్లూ అరచేయీ కూడా సాగిపోతాయి. చేతులు పొడవై బొమ్మ బ్రహ్మాండంగా కుదురుతుంది, కానీ అబద్ధం.

కండ, చర్మం

ఫొటో చూపించనిది కండ. పిక్క కండ పొడవు తీరు మారదు. ముంగాలు పెరిగాక ఉబ్బు పైనే ఉండిపోయి కింద సన్నటి భాగం పొడవవుతుంది. పైగా నెలల తరబడి బరువు మోపక కండ కరుగుతుంది. వ్యాయామంతో లావు చాలావరకు తిరిగొస్తుంది, ఉబ్బు కిందికి మాత్రం దిగదు. తొడలో కండ ఎక్కువ కాబట్టి ఈ తేడా అంతగా తెలియదు.

మచ్చలు పద్ధతిని బట్టి ఉంటాయి. ఎముక లోపల రాడ్ పెట్టి పొడిగిస్తే చిన్న చిన్న గాట్లు. బయటి ఫిక్సేటర్ (కాలి బయట చట్రం పెట్టి కడ్డీలతో ఎముకకు బిగించేది) అయితే ఆ కడ్డీలు జరుగుతూ చర్మాన్ని కోస్తూ పోతాయి కాబట్టి గుండ్రటి మచ్చ బదులు నిలువు చార మిగులుతుంది. గాయం మానాక మచ్చ ఉబ్బే చర్మం మీదైతే ఇది ముందే లెక్కలో పెట్టుకోవాలి.

నిష్పత్తి అనుకునేది నిజానికి వంపు

ఆపరేషన్ తర్వాత ఒళ్లు వింతగా ఉందని బాధపడేవాళ్లలో చాలామంది సమస్య ఎముక పొడవు కాదు, బిగుసుకున్న కండలు, పక్కకు జరిగిన ఎముక. ఎముక పెరిగినంత త్వరగా కండ సాగదు.

తొడ పెంచితే తుంటి ముందువైపు కండలు, తొడ బయటి పట్టీ (తుంటి నుంచి మోకాలి దాకా తొడ పక్కగా పోయే గట్టి పొర) బిగుస్తాయి. అవి కటిని ముందుకు వంచుతాయి, నడుము లోపలికి పోతుంది, పిరుదులు వెనక్కి, పొట్ట ముందుకు వస్తాయి. బాతు నడక అనేది దీన్నే. పరీక్ష సులువు: మంచం అంచున వెల్లకిలా పడుకుని ఒక మోకాలిని ఛాతీకి లాక్కోండి. రెండో తొడ మంచానికి ఆనకుండా లేస్తే బిగువు ఉన్నట్టే. ఆపరేషన్‌కు ముందే లేస్తుంటే, సాగదీసే వ్యాయామాలు అప్పుడే మొదలుపెట్టాలి.

ముంగాలు పెంచితే మడమ వెనక స్నాయువు (పిక్క కండను మడమకు కలిపే పట్టీ) బిగిసి పాదం కిందికి వాలుతుంది, మోకాలు ముడుచుకుంటుంది. మోకాలు చాపి ఉంచి పాదాన్ని కాలికి 90 డిగ్రీల దాకా తేలేకపోతే వెంటనే సర్జన్‌కు చెప్పాలి. రోజువారీ పెంపు తగ్గించడమో, కొద్ది రోజులు ఆపడమో అప్పుడే జరగాలి. మోకాలు 20 డిగ్రీలు వంగి ఉండిపోతే, 50, 40 సెం.మీ. ఎముకల కాలులో సుమారు 1.3 సెం.మీ. ఎత్తు పోతుంది. దానితో మొండెం వాలడం అదనం. నొప్పి భరించి తెచ్చుకున్న రెండు వారాల పెంపు వంపుకు ఖర్చయినట్టే.

ఎముక జరగడం ఇంకో సంగతి. తొడ ఎముక లోపలి రాడ్ ఎముక వాలు వెంటే పోతుంది, నిట్టనిలువుగా కాదు. అందువల్ల ప్రతి సెంటీమీటరు పెంపుకూ కాలి బరువు గీత (తుంటి కీలు మధ్య నుంచి చీలమండ మధ్యకు గీసే గీత) మోకాలి దగ్గర సుమారు ఒక మిల్లీమీటరు బయటికి జరుగుతుంది, మోకాళ్లు ఒకదాని వైపు ఒకటి వస్తాయి. కాళ్లు కాస్త దొడ్డిగా ఉన్నవాళ్లకు ఇది మేలే చేస్తుంది. మోకాళ్లు ముందే రాసుకునేవాళ్లకు ఎక్కువవుతుంది. ముంగాలిలో పక్కనున్న సన్న ఎముకను పైనా కిందా పెద్ద ఎముకకు స్క్రూతో బిగించాలి. లేకపోతే బయటి గిలక పైకి జరిగి పాదం బయటికి వాలుతుంది.

సర్జన్ దగ్గరికి వెళ్లేటప్పుడు మీ ఐదు కొలతలూ రాసుకుని వెళ్లండి. నా బరువు గీత ఇప్పుడెక్కడుంది, పెంచాక ఎక్కడికి వస్తుంది, తొడ బయటి పట్టీని ముందే కోస్తారా, సన్న ఎముకను రెండు చివర్లా బిగిస్తారా, వంపు వస్తే ఏ దశలో ఆపుతారు? ఈ ప్రశ్నలకు ఎక్స్‌రే మీద గీత గీసి జవాబు చెప్పగలగాలి. "అవన్నీ మేం చూసుకుంటాం" అన్నది జవాబు కాదు.

ఎప్పుడు చూడాలి

తొడలో 6 సెం.మీ. రోజుకు ఒక మి.మీ. చొప్పున 60 రోజులు. ముంగాలిలో సాధారణంగా వేగం తగ్గిస్తారు, 0.75 అయితే 5 సెం.మీ.కు 67 రోజులు. ఎముక గట్టిపడటానికి ఒక్కో సెంటీమీటరుకు నెల, ఒక్కోసారి అంతకు మించి పడుతుంది. మూడో నెలలో వాపు, వంపు, కరిగిన కండ మూడూ ఒకేసారి ఉంటాయి. అప్పుడు తీసిన ఫొటోను పట్టుకుని ఏడవొద్దు, ఎవరైనా చూపించినా నమ్మొద్దు. నెలకొకసారి అదే చోట, అదే దూరంలో, అదే ఎత్తులో ఫొటో తీసి పెట్టుకోండి. మంచి చెడ్డ తేల్చేది ఏడాది తర్వాత, కటి నిటారుగా, మోకాళ్లు పూర్తిగా చాపి నిలబడగలిగినప్పుడు.

బట్టల సంగతి కూడా అప్పుడే. తొడ పెంచినవాళ్లకు ప్యాంటు పొడవు పెరుగుతుంది, నడుము నుంచి గజ్జల దాకా కొలత మారదు. జీన్స్‌లో మోకాలి దగ్గర కుట్టిన మడత మోకాలికి పైన పడుతుంది. చొక్కా సైజు పాతదే, చేతులూ అంతే. చొక్కాను కాస్త కిందికి వదిలేస్తే మొండెం పొడవుగా కనిపించి కూర్చున్న ఎత్తు 50 శాతం కిందికి దిగిన ఒంటికి బాగా నప్పుతుంది.