లెక్క ఎక్కడ తప్పుతోంది? కూడికలు, తీసివేతలు, ఎక్కాల్లో వెనకబడే పిల్లల కోసం సమస్య - పరిష్కారం

పిల్లలు లెక్క తప్పు చేస్తే పెద్దవాళ్లు సాధారణంగా చేసేవి రెండే పనులు. తప్పు కొట్టేసి సరైన జవాబు చెప్పడం, లేదంటే అదే రకం లెక్కలు ఇంకో ఇరవై ఇవ్వడం. నేర్చుకోవడంలో ఇబ్బంది ఉన్న పిల్లలకు ఈ రెండూ అక్కరకు రావు. వాళ్ల తప్పులు చాలావరకు అజాగ్రత్త వల్ల వచ్చినవి కావు. వాళ్ల మనసులో ఒక పద్ధతి ఉంటుంది, దాన్ని ప్రతిసారీ ఒకేలా, శ్రద్ధగా పాటిస్తుంటారు. ఆ పద్ధతేమిటో కనుక్కోకుండా ఇరవై లెక్కలు ఇస్తే ఆ తప్పునే ఇరవై సార్లు సాధన చేయించినట్టు అవుతుంది.

అందుకే ముందు "ఇది ఎలా చేశావో నాకు చెప్పవా?" అని అడగండి. జవాబు సరిగ్గా వచ్చినప్పుడు కూడా అడగండి. తప్పు చేసినప్పుడే అడిగితే, ఆ మాట వినగానే తప్పు రాశామని గ్రహించి చెరిపేస్తారు. చెరిపేసిన జవాబుతోపాటు మనకు కావలసిన ఆధారం కూడా పోతుంది. ఒకే రకం లెక్కలు మూడు నాలుగు గమనిస్తే చాలు, తప్పు తీరు బయటపడుతుంది. అసలు కారణం తరచుగా తప్పు కనిపించిన చోటుకు ఒకటి రెండు మెట్లు కింద ఉంటుంది. మూడో తరగతి తీసివేత దగ్గర ఆగిపోయిన పిల్లవాడికి ఒకటో తరగతిలో 'పది' అన్నది అర్థం కాకపోయి ఉండవచ్చు. ఆ మెట్టు దాకా దిగి, అక్కడి నుంచి మళ్లీ ఎక్కించాలి. తరగతి పుస్తకం ఏ పేజీలో ఉందన్నది అప్పుడు పట్టించుకోకూడదు.

సమస్య: లెక్కపెట్టడం వచ్చు, కానీ "ఎన్ని?" అంటే మళ్లీ మొదటి నుంచి మొదలుపెడతారు

7 పూసలు పెట్టి లెక్కపెట్టమంటే ఒకటి నుంచి ఏడు దాకా చక్కగా చెబుతారు. "అయితే ఎన్ని ఉన్నాయి?" అనగానే మళ్లీ ఒకటి, రెండు అంటూ మొదలుపెడతారు.

కారణం: అంకెల వరస పద్యంలా నోటికి వచ్చింది. చివరగా పలికిన అంకె ఆ గుంపు మొత్తానికి చెందుతుందని మాత్రం తెలియలేదు. కొందరిలో ఇంకో ఇబ్బంది కూడా ఉంటుంది. 3, 4 వస్తువులను చాలామంది పిల్లలు లెక్కపెట్టకుండా చూపుతోనే పోల్చుకుంటారు. వీళ్లు మూడింటిని కూడా ఒక్కొక్కటిగా తాకి చూసుకుంటారు.

ఏం చేయాలి: పూసలను ఒక్కొక్కటిగా ఇటు నుంచి అటు జరుపుతూ లెక్కపెట్టించండి. ఆపైన అరచేతితో మూసి "చేతి కింద ఎన్ని?" అని అడగండి. ఇప్పుడు తిరిగి లెక్కపెట్టే వీలు లేదు కాబట్టి చివరి అంకెను గుర్తు తెచ్చుకోవాల్సిందే. దీంతోపాటు 2, 3, 4 చుక్కలున్న కార్డులను ఒక్క క్షణం చూపించి దాచేయండి. అవి వచ్చాక పాచిక మీద ఉండే 5, 6 చుక్కల అమరికకు వెళ్లండి. రోజూ అయిదు నిమిషాలు చాలు. ఈ మెట్టు గట్టిపడకుండా కూడికలకు వెళ్తే కూడికలు కూడా పద్యమే అవుతాయి.

సమస్య: పెద్ద తరగతికి వచ్చినా ప్రతి కూడికా వేళ్ల మీదే

వేళ్లను నిషేధించకండి. "ఇంత పెద్దయ్యావు, ఇంకా వేళ్లా?" అంటే ఆ వేళ్లు బల్ల కిందికి వెళ్తాయి, అంతకుమించి ఏమీ మారదు. వేళ్లు తప్పు కాదు. వాటిని ఎలా వాడుతున్నారన్నదే చూడాలి.

8 + 5 చేయమని చూడండి. 1 నుంచి 8 దాకా లెక్కపెట్టి, ఆ తర్వాత ఇంకో 5 లెక్కపెడుతుంటే, 8 అన్నది వాళ్లకు ఇంకా ఒక ముద్దగా దొరకలేదని అర్థం. జవాబు 12 వస్తే అది ఇంకో సంగతి చెబుతుంది. "8, 9, 10, 11, 12" అంటూ, ఉన్న 8ని కూడా ఒక వేలికి లెక్కేసుకున్నారు. ఇలాంటి పిల్లల కూడికలో జవాబు ఎప్పుడూ ఒకటి తక్కువ వస్తుంది, తీసివేతలో ఒకటి ఎక్కువ వస్తుంది. 13 - 4 అడిగితే "13, 12, 11, 10" అని 10 దగ్గర ఆగుతారు. టీచర్ కంటికి ఇవన్నీ వేర్వేరు తప్పులు, పిల్లవాడు చేసింది ఒక్క తప్పే. సంఖ్యారేఖను నేల మీద గీసి 8 మీద నిలబెట్టండి. "ఇప్పుడు అయిదు అడుగులు వెయ్యి" అనండి. నిలబడ్డ చోటు అడుగు కాదని కాళ్లకు తెలిసిపోతుంది.

ఆ తర్వాత చేయాల్సింది వేళ్ల అవసరాన్ని నెమ్మదిగా తగ్గించడం. పదికి జతలు (9-1, 8-2, 7-3, 6-4, 5-5) చూడగానే చెప్పగలిగేలా చేయండి. 6+6, 7+7 లాంటి రెట్టింపులు కూడా అంతే. ఈ రెండూ ఉంటే 8 + 5 అంటే "8కి 2 కలిపితే 10, ఇంకా 3 ఉంది, 13" అవుతుంది. 6 + 7 అంటే "రెండు ఆరులు 12, ఇంకొకటి 13". నా దృష్టిలో ప్రాథమిక తరగతుల్లో సమయం పెట్టదగ్గ విషయాల్లో పదికి జతలదే మొదటి స్థానం. తీసివేత, పెద్ద కూడికలు అన్నీ వాటి మీదే నడుస్తాయి.

సమస్య: "మూడు వందల అయిదు" అంటే 3005 అని రాస్తారు; 28 + 35 = 513 అంటారు

ఈ రెండూ ఒకే చోట నుంచి పుట్టిన తప్పులు. మొదటిదానిలో పిల్లలు విన్నది విన్నట్టు రాశారు: 300, దాని పక్కన 5. రెండోదానిలో 8 + 5 = 13 అని ఒకచోట రాసి, 2 + 3 = 5 అని దాని పక్కన రాశారు. ఒక్కో మెట్టూ సరైనదే. అంకె ఉన్న చోటును బట్టి దాని విలువ మారుతుందన్న సంగతి ఇంకా పట్టుబడలేదు. ఇంగ్లిష్ మీడియంలో థర్టీన్, థర్టీ చెవికి దగ్గరగా ఉండటం వల్ల 13, 30 మధ్య తడబాటు కూడా దీనికి తోడవుతుంది.

"ఒకట్ల స్థానం, పదుల స్థానం" అని గీతలు గీసి చెప్పడం చాలా ఇళ్లలో, బడుల్లో జరుగుతూనే ఉంటుంది. స్థానం పేరు పిల్లలు అప్పజెబుతారు కూడా. 42లో 4 ఏ స్థానమంటే "పదుల స్థానం" అంటారు. అదే పిల్లవాడిని 42 పుల్లలు తెమ్మని, అందులో ఆ 4 చూపించే పుల్లలెన్నో తీసి చూపించమంటే నాలుగే పుల్లలు తీస్తాడు. అసలు పరీక్ష అదే.

పుల్లలను పదేసి రబ్బరు బ్యాండు వేసి కట్టలు కట్టించండి. కట్టలు మీరు కట్టి ఇవ్వకండి, పిల్లలే కట్టాలి. పది విడి పుల్లలు ఒక కట్ట కావడం వాళ్ల చేతుల్లో జరగాలి. 28కి రెండు కట్టలు, 8 విడివి; 35కి మూడు కట్టలు, 5 విడివి. అన్నీ కలిపితే విడివి 13. "ఇందులో ఇంకో కట్ట వస్తుందా?" అని అడిగి ఆగండి. కట్ట కట్టి పక్కన చేరిస్తే కట్టలు 6, విడివి 3. "చేతిలో ఒకటి" అని మనం పైన వేసే ఆ ఒకటి ఎక్కడి నుంచి వచ్చిందో అప్పుడు తెలుస్తుంది.

3005కి వేరే మందు ఉంది. 300 అని రాసిన పొడవాటి కార్డు ఒకటి, 5 అని రాసిన చిన్న కార్డు ఒకటి తయారుచేయండి. చిన్నదాన్ని పెద్దదాని కుడి చివర సున్నా మీద పెడితే 305 కనిపిస్తుంది. పైకి ఎత్తితే 300 అక్కడే దాక్కుని ఉంటుంది. 40, 200 లాంటి కార్డులు కూడా చేర్చి, మీరు సంఖ్య చెబుతుంటే వాళ్లు పేర్చేలా ఆడించండి.

సమస్య: 52 - 27 = 35

కారణం: ఒకట్లలో 2 నుంచి 7 పోదు కాబట్టి 7లోంచి 2 తీశారు. "చిన్నది పెద్దదానిలోంచే తీయాలి" అని ఎప్పుడో మనమే చెప్పి ఉంటాం. అది ఒక్క అంకె లెక్కలకు చెప్పిన మాటని పిల్లలకు ఎలా తెలుస్తుంది?

ఏం చేయాలి: 5 కట్టలు, 2 పుల్లలు ముందు పెట్టి "నాకు 27 ఇవ్వు" అనండి. ముందు విడి పుల్లలే ఇవ్వమనండి. ఏడు విడి పుల్లలు కావాలి, ఉన్నవి రెండే. ఇక్కడ పిల్లలు ఆగిపోయి మీ ముఖంలోకి చూస్తారు. ఆ కాసేపు మీరు మాట్లాడకూడదు, కట్టల వైపు చెయ్యి కూడా చాపకూడదు. చాలామంది కొంచెంసేపటికి తామే ఒక కట్ట విప్పుతారు. విప్పిన వెంటనే పెన్సిల్ చేతికిచ్చి, ఇప్పుడు ఎన్ని కట్టలు, ఎన్ని విడి పుల్లలు ఉన్నాయో లెక్క మీదే దిద్దమనండి. 52లో 5 కొట్టేసి 4, 2 కొట్టేసి 12 రాస్తారు.

ఈ పని పుల్లలతో ఒక రోజు, కాగితం మీద ఇంకో రోజు చేయిస్తే రెండింటికీ లంకె తెగిపోతుంది. పుల్లలతో ఒక మెట్టు, వెంటనే కాగితం మీద అదే మెట్టు, ఇలా పక్కపక్కనే నడవాలి. తర్వాత పుల్లల బదులు గీతలు, చుక్కలు గీయించండి (నిలువు గీత ఒక పది, చుక్క ఒక ఒకటి). ఆ బొమ్మలు కూడా అక్కర్లేదని పిల్లలే అన్నాక మానేయండి.

ఇంత చేసినా అప్పు తెచ్చుకోవడం పట్టుబడని పిల్లలు కొందరు ఉంటారు. వాళ్లకు వేరే దారి చూపించడంలో తప్పేమీ లేదు. 27 నుంచి 30కి 3, 30 నుంచి 50కి 20, 50 నుంచి 52కి 2, మొత్తం 25. 300 - 148 లాంటి సున్నాల లెక్కలు చాలామందిని కంగారు పెడతాయి. రెండింటిలోంచీ ఒక్కొక్కటి తగ్గిస్తే అది 299 - 147 అవుతుంది, అప్పు అవసరమే రాదు. జవాబు రెండిటికీ 152. తేడా ఎందుకు మారదో సంఖ్యారేఖ మీద రెండు గుర్తులనూ ఒక్కో అడుగు వెనక్కి జరిపి చూపించండి.

సమస్య: ఎక్కాలు గడగడా అప్పజెబుతారు, 7 × 8 ఎంతంటే మొదటి నుంచి చదవాలి

కొందరికైతే అప్పజెప్పడం కూడా రాదు. రెంటికీ కారణం ఇంచుమించు ఒకటే: వరసగా బట్టీ పట్టినది వరసగానే బయటికి వస్తుంది, మధ్యలోంచి తీయడం కుదరదు. వరస గుర్తుండని పిల్లలకు అదీ దక్కదు.

భారం తగ్గించడంతో మొదలుపెట్టండి. 1 నుంచి 10 దాకా ఎక్కాల్లో 100 గుణకారాలు. 7 × 8 అన్నా 8 × 7 అన్నా ఒకటే కాబట్టి అవి 55 అవుతాయి. ఇందులో 1, 2, 5, 10 ఎక్కాలు పిల్లలకు తేలిగ్గా వస్తాయి, వాటిని తీసేస్తే 21. నాలుగో ఎక్కం అంటే రెట్టింపుకు రెట్టింపు. తొమ్మిదో ఎక్కం అంటే పదో ఎక్కంలోంచి ఒకసారి తీసేయడం (9 × 6 కావాలంటే 60 - 6). ఇవీ పోతే మిగిలేవి పదే: 3 × 3, 3 × 6, 3 × 7, 3 × 8, 6 × 6, 6 × 7, 6 × 8, 7 × 7, 7 × 8, 8 × 8. వంద గళ్ల పట్టిక గీసి, వచ్చినవాటికి పిల్లల చేతే రంగు వేయించండి. చివరికి ఖాళీగా మిగిలిన గళ్లు చూసి వాళ్లకే ధైర్యం వస్తుంది.

ఆ మిగిలిన వాటిని కూడా అయిదో ఎక్కం ఆధారంగా కట్టుకోవచ్చు. 7 × 8 అంటే అయిదు ఎనిమిదులు 40, ఇంకా రెండు ఎనిమిదులు 16, మొత్తం 56. వారానికి రెండు కొత్తవి చాలు.

సమస్య: మాటల లెక్క చూడగానే ఏదో ఒకటి చేసేస్తారు

"అన్న దగ్గర 8 బంతులు ఉన్నాయి. అవి చెల్లి దగ్గర ఉన్నవాటికంటే 3 ఎక్కువ. చెల్లి దగ్గర ఎన్ని?" అంటే 11 అంటారు. "ఎక్కువ" కనిపిస్తే కూడాలి, "మిగిలినవి" కనిపిస్తే తీసేయాలి అని నేర్పిన ఫలితం ఇది. అలాంటి గుర్తు మాటలు నేర్పడం మానేయాలి. అంకెలు తీసేసి కథ మాత్రం చెప్పండి, ఎవరి దగ్గర ఎక్కువ ఉన్నాయో అడగండి, రెండు పట్టీలు గీయించండి: పొడవుది అన్నది, పొట్టిది చెల్లిది. అంకెలు చివర్లో వేయాలి. చదవడంలోనే ఇబ్బంది ఉన్న పిల్లలకు లెక్కను మీరే చదివి వినిపించండి. తెలియనిది లెక్కా, చదవడమా అన్నది అప్పుడే తేలుతుంది.

సమస్య: నిన్న వచ్చింది, ఇవాళ రాదు, ఇంట్లో వస్తుంది, పరీక్షలో రాదు

ఇది మొండితనం కాదు. చాలామంది ఈ పిల్లలకు ఒకేసారి మనసులో పట్టి ఉంచుకోగలిగే సమాచారం తక్కువ. పదికి జత వెతుక్కునే లోపే అసలు లెక్క జారిపోతుంది. టెన్షన్ వస్తే ఉన్న ఆ కాస్త చోటూ భయమే తినేస్తుంది. అందుకే గడియారం పెట్టి చేయించే పోటీలు వీళ్లకు వద్దు. గంటసేపు ఒకేసారి కూర్చోబెట్టే బదులు రోజుకు పది పదిహేను నిమిషాలు, అందులో సగం పాతవే చేయించండి. మధ్య మెట్లు కాగితం మీద రాసుకోనివ్వండి. అంకెలు ఒకదాని కింద ఒకటి కుదరక తప్పులొస్తుంటే గళ్ల కాగితం ఇవ్వండి, ఒక పేజీకి నాలుగు లెక్కలు మించకుండా.

ఇన్ని చేసినా కదలకపోతే

ముందు చూపు, వినికిడి పరీక్ష చేయించండి. బడి చాలా రోజులు పోయిందా, మీడియం మారిందా అన్నదీ ఆలోచించండి. ఇవేవీ కాకుండా, పద్ధతిగా సాయం అందిస్తూ ఆరు నెలలు దాటినా ఇబ్బంది అలాగే ఉంటే డిస్కాల్క్యులియా (అంకెలు, లెక్కలు నేర్చుకోవడంలో ఉండే ప్రత్యేక ఇబ్బంది) ఉందేమో చూపించడం మంచిది. 1974లో మనస్తత్వవేత్త లాడిస్లావ్ కోష్చ్ దీన్ని అభ్యసన వైకల్యంగా వివరించిన తర్వాత దీని మీద చాలా పరిశోధన జరిగింది. వందలో 3 నుంచి 7 మంది పిల్లల్లో ఉంటుందని అంచనా. తెలివితేటలకూ దీనికీ సంబంధం లేదు. డిస్లెక్సియా (చదవడంలో ఇబ్బంది), ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత, నిలకడ కుదరకపోవడం) ఉన్న పిల్లల్లో ఇది మామూలుకంటే ఎక్కువగా కనిపిస్తుంది కాబట్టి అవీ చూడమని అడగండి. దీన్ని నిర్ధారించేది పిల్లల మానసిక నిపుణులు, ప్రత్యేక విద్యా నిపుణులు. ఇంటర్నెట్‌లో దొరికే పది ప్రశ్నల పరీక్షను నమ్ముకోకండి.

వాళ్ల దగ్గరికి వెళ్లేటప్పుడు దిద్దని నోటు పుస్తకాలు, మీరు ఏమేం ప్రయత్నించారో రాసుకున్న కాగితం తీసుకెళ్లండి. నిర్ధారణ అయితే బడిలో అడగాల్సినవి అదనపు సమయం, ఎక్కాల పట్టిక చూసుకునే వీలు, గళ్ల కాగితం, బోర్డు మీదికి పిలిచి అందరిముందు లెక్క చేయించకపోవడం. నిర్ధారణ ఇంకా కాకపోయినా ఈ చివరిది మాత్రం ఇవాళే అడగండి.