200 బ్రెవేలో టైమ్ పోయేది రోడ్డు మీద కాదు

బ్రెవే అంటే గడువులోపు పూర్తి చేయాల్సిన దూరపు సైకిల్ రైడ్. మొదటిసారి 200 కిలోమీటర్ల బ్రెవేకి పేరిచ్చినవాళ్లు స్పీడు గురించే బెంగపడతారు. దానికి ఇచ్చే గడువు 13 గంటల 30 నిమిషాలు. ఆగిన టైమంతా కలుపుకుని గంటకు 15 కిలోమీటర్లు పడితే చాలు. మీరు గంటకు 20 తొక్కగలిగితే రోడ్డు మీద గడిచేది 10 గంటలే. మిగిలిన మూడున్నర గంటలూ హోటళ్ల దగ్గర కరిగిపోతాయి, అక్కడే జాగ్రత్త.

కంట్రోల్ దగ్గర, అంటే దారిలో మీరు వచ్చినట్టు నమోదు చేయించుకునే చోట, దిగగానే ముందు మీ బ్రెవే కార్డు మీద స్టాంపు వేయించుకోండి. తర్వాత బాటిళ్లు నింపండి: ఒకదాంట్లో మంచినీళ్లు, ఇంకోదాంట్లో ప్యాకెట్ మీద రాసిన కొలతకే కలిపిన ఓఆర్ఎస్. కుర్చీలో కూర్చోవడం ఆ తర్వాతే. రెండు ఇడ్లీలు తినండి, పూరీ జోలికి మాత్రం పోవద్దు. అరటిపండ్లు జెర్సీ వెనక జేబులో పడేసుకోండి.

గుంపుగా వెళ్తుంటే ఎక్కడ ఎంతసేపు ఆగాలో బయల్దేరకముందే మాట్లాడుకోండి. ఒకరు టీ అంటారు, అది అయ్యేసరికి ఇంకొకరు ఫొటో అంటారు, అరగంట హుష్. ముందున్న చక్రం వెనకాల తొక్కితే ఎదురుగాలి తగ్గే మాట నిజమే. కానీ మీది కాని స్పీడును పట్టుకుని వేలాడితే 150 కిలోమీటర్లు దాటాక కాళ్లు పట్టేస్తాయి, వదిలేయండి. మీరు ముందుంటే గుంత కనబడగానే చేత్తో చూపించి గట్టిగా అరవండి, వెనకవాళ్లకు మీ వీపు తప్ప రోడ్డు కనబడదు.

పొద్దుగూకేలోపే వచ్చేస్తాం అనుకున్నా సరే, ముందూ వెనకా లైట్లు, రిఫ్లెక్టివ్ జాకెట్ తప్పకుండా పెట్టుకోండి.