రామేశ్వరంలో కైట్‌బోర్డింగ్: ఒడ్డు మీద కైట్‌ను సరిగ్గా లేపడం ఎలా?

కైట్‌బోర్డింగ్ అంటే పెద్ద గాలిపటం (కైట్) లాగుతుంటే కాళ్ల కింద బోర్డుతో నీళ్ల మీద దూసుకుపోయే ఆట. ఇందులో దెబ్బలు నీళ్ల మీదే తగులుతాయని చాలామంది అనుకుంటారు. నీళ్ల మీద పడితే చాలాసార్లు కాస్త ఉప్పునీళ్లు మింగడంతో సరిపోతుంది. ఎముకలు విరిగేది ఒడ్డున, కైట్ లేపే ఆ కొద్ది సెకన్లలో. రామేశ్వరం ద్వీపంలో ప్రతి సీజన్‌లోనూ ఇదే చూస్తున్నాను. కోర్సు పూర్తిచేసి, హైదరాబాద్ నుంచో చెన్నై నుంచో సొంత కైట్ తెచ్చుకున్నవాళ్లు బోర్డు ఏది మంచిదో గంటసేపు మాట్లాడతారు. కైట్ లేపే ముందు మాత్రం అర నిమిషం ఆగరు. అందుకే ఈ వ్యాసం మొత్తం ఆ ఒక్క పని గురించే. బోర్డు మీద నిలబడటం కోచ్ దగ్గర నేర్చుకోవాల్సిన విషయం, చదివితే రాదు.

ముందు గాలి, తర్వాత చోటు

రామేశ్వరం అంటే మనవాళ్లకు గుడి, ఇరవై రెండు తీర్థాల స్నానం. కైట్ ఎగరేసేవాళ్లకు అది రెండు సముద్రాల మధ్య ధనుష్కోటి దాకా సన్నగా సాగిన ఇసుక గట్టు. ఉత్తరాన పాక్ అఖాతం, దక్షిణాన మన్నార్ సింధుశాఖ. మే నుంచి సెప్టెంబరు దాకా నైరుతి గాలి, డిసెంబరు నుంచి మార్చి దాకా ఈశాన్య గాలి. అక్టోబరు, నవంబరు నెలలు వానలకూ వాయుగుండాలకూ వదిలేయండి. డిసెంబరులో వెళ్లినా వాతావరణ శాఖ బులెటిన్ చూడకుండా కైట్ విప్పకండి. 1964లో ధనుష్కోటిని తుడిచిపెట్టిన తుపాను వచ్చింది డిసెంబరులోనే.

గాలి ఒడ్డు వెంబడి వీచాలి, లేదా సముద్రం మీది నుంచి ఏటవాలుగా ఒడ్డుకు రావాలి. నేల మీది నుంచి సముద్రంలోకి పోయే గాలిలో, బోటు తోడు లేకుండా కైట్ ముట్టుకోవద్దు. చాలామంది మోసపోయేది ఇక్కడే. నైరుతి గాలి రోజుల్లో గట్టుకు ఉత్తరం వైపు నీళ్లు అలల్లేకుండా చదునుగా కనిపిస్తాయి. కొత్తవాళ్లకు చూడగానే నోరూరుతుంది. ఆ నీళ్లు అంత చదునుగా ఉండటానికి కారణమే గాలి నేల మీది నుంచి పోతుండటం. అక్కడ కైట్ పడి మళ్లీ లేవకపోతే గాలి మిమ్మల్ని పాక్ అఖాతంలోకి నెట్టుకుపోతుంది. ఆ వైపు పోతే తగిలేది శ్రీలంకతో ఉన్న సముద్ర సరిహద్దు. ఇంజిన్ బోటు, దాన్ని నడిపే మనిషి ఒడ్డున సిద్ధంగా ఉంటే తప్ప అక్కడ దిగకండి. ఈశాన్య గాలిలో దక్షిణపు ఒడ్డుకూ ఇదే లెక్క. కోస్ట్ గార్డ్ నంబరు 1554 ఫోన్‌లో పెట్టుకోండి. ఆ నంబరు ఉంది కదా అని బోటు లేకుండా దిగొద్దు.

అగ్నితీర్థం దగ్గర వద్దే వద్దు. స్నానాలు చేసే యాత్రికులు, పక్కనే లంగరేసిన మరబోట్లు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కాబట్టి ఆ రెండు నెలలూ బోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి. ధనుష్కోటి వైపు చోటుకు కొదవ లేదు కానీ, 2017లో గట్టు చివరి కొస అరిచల్ మునై దాకా రోడ్డు పడ్డాక జనం బాగా పెరిగారు. ఆదివారమైతే పొద్దున్నే వెళ్లండి, కార్లు ఆగే చోటు నుంచి బాగా దూరం నడవండి. మీకు గాలి పోయే వైపు కనీసం 50 మీటర్లు ఖాళీగా ఉండాలి. మనిషి, ముళ్లకంప, విద్యుత్ స్తంభం, పడవ ఏదీ ఉండకూడదు. పాత చర్చి గోడల వంటి శిథిలాల వెనక కూడా కైట్ లేపకండి. గోడ ఎత్తుకు కనీసం ఏడు రెట్ల దూరం దాకా గాలి సుళ్లు తిరుగుతూ ఉంటుంది.

సామాను

కైట్, దాన్ని చేతులతో నడిపే బార్, ఆ రెంటినీ కలిపే తాళ్లు అంటే లైన్లు, పంపు, నడుముకు కట్టుకునే హార్నెస్ పట్టీ, విడిపించాక కూడా కైట్ ఎగిరిపోకుండా పట్టి ఉంచే తాడు సేఫ్టీ లీష్, హెల్మెట్, లైఫ్ జాకెట్, లైన్లు కోసే చిన్న కత్తి. 75 కిలోల మనిషికి 18 నాట్ల గాలిలో, అంటే గంటకు 33 కిలోమీటర్ల గాలిలో, 9 లేదా 10 చదరపు మీటర్ల కైట్ సరిపోతుంది. రెండు సైజుల మధ్య ఊగిసలాడుతుంటే చిన్నదే తీసుకోండి. బార్‌కు నాలుగు లైన్లే ఉండాలి. ఐదో లైను ఉంటే బాగుంటుందనే వాదన నేను ఒప్పుకోను, చిక్కుపడటానికి అదొకటి ఎక్కువ. సెకండ్ హ్యాండ్ బార్ కొనేటప్పుడు దాని క్విక్ రిలీజ్ (ఆపదలో కైట్‌ను హార్నెస్ నుంచి విడిపించే మీట) ఐఎస్ఓ 21853 ప్రమాణానికి తగినదేనా అని అడగండి. అది 2020లో వచ్చింది. అంతకు ముందరి బార్లలో కొన్నింటిని కైట్ గట్టిగా లాగుతుండగా విడిపించాలంటే చేతిలో బలమంతా పెట్టాల్సి వస్తుంది.

గాలి కొట్టడం, లైన్లు కట్టడం

కైట్‌ను సర్కారు తుమ్మ ముళ్లు లేని చోట పరిచి, పంపుకుండే తాడుతో దానికి తగిలించి గాలి కొట్టండి. కైట్ ముందు అంచున గాలి నిండే గొట్టాన్ని వేలితో మీటితే టంగుమనాలి. మెత్తగా ఉంటే ఇంకా కొట్టాలి. మెత్తటి కైట్ గాల్లో మధ్యకు మడత పడుతుంది. గొట్టం నిండాక దాన్ని గాలికి ఎదురుగా ఉంచి, బట్ట మీద ఇసుక బాగా పోయండి. రెండు దోసిళ్లు పోసి వెళ్లిపోతే గాలి పెరిగినప్పుడు కైట్ దొర్లుకుంటూ పోయి ఎవరి మీదో పడుతుంది.

లైన్లను బార్ దగ్గర నుంచి చివరిదాకా వేళ్ల మధ్య ఒక్కొక్కటీ విడదీసుకుంటూ నడవండి. మధ్య లైన్లు రెండూ కైట్ ముందు గొట్టానికున్న చిన్న తాళ్ల అల్లికకు, అంటే బ్రైడిల్‌కు, పక్క లైన్లు రెండూ కైట్ కొనలకు. చాలా కైట్లలో ఒకచోట ముడి, ఒకచోట ఉచ్చు ఉండేలా తయారుచేస్తారు కాబట్టి ఇవి తారుమారు కావు. కుడి ఎడమలు మాత్రం తారుమారు అవుతాయి. ఎరుపు రంగు ఎడమచేతికి రావాలి. లైన్లు కట్టడం అయ్యాక బార్ దగ్గరకు రెండోసారి నడిచి వచ్చి చూసుకోండి. నేను ఎవరి కైట్ పట్టుకున్నా, వాళ్లు రెండోసారి నడవకపోతే వదలను.

హార్నెస్‌కు తగిలించుకునే ముందు క్విక్ రిలీజ్‌ను ఒకసారి విడిపించి మళ్లీ బిగించండి. రోజూ, ప్రతిసారీ. ఇక్కడి ఇసుక సన్నం, ఉప్పుతో కలిసి లోపల గట్టిపడుతుంది. లీష్ ముందు తగిలించాలి, లూప్ (బార్‌ను హార్నెస్ కొక్కేనికి తగిలించే ఉచ్చు) తర్వాత. విప్పేటప్పుడు లూప్ ముందు, లీష్ ఆఖరున.

అసలు పని: కైట్ లేపడం

ఇక్కడ నెమ్మదిగా చదవండి.

వీపుకు గాలి సూటిగా తగిలేలా నిలబడి రెండు చేతులూ పక్కలకు చాచండి. సముద్రం వైపున్న చెయ్యి చూపించే దిక్కులో కైట్ ఉండాలి. ఒడ్డు వైపున్న చెయ్యి దిక్కున ఎప్పుడూ కాదు. ఏదైనా తేడా జరిగితే కైట్ నీళ్లలో పడాలి కానీ రోడ్డు మీదో జనం మీదో పడకూడదు. దానికోసం, మీ కైట్ పట్టుకుని వదిలే తోటి మనిషి మోకాలిలోతు నీళ్లలో నిలబడాల్సి వచ్చినా సరే. పొడిగా ఉంటుందని ఒడ్డు వైపు నుంచి లేపేవాళ్లను ఇక్కడ చాలాసార్లు ఆపాను.

చాచిన ఆ చెయ్యి గీసే గీత విండ్ విండోకు, అంటే గాలిలో కైట్ ఎగరగలిగే మేరకు, అంచు. కైట్ సరిగ్గా ఆ అంచు మీద ఉంటే వదలగానే నిదానంగా, పెద్దగా లాగకుండా పైకి వెళుతుంది. అంచు దాటి గాలి పోయే వైపుకు జారి ఉంటే, వదిలిన మరుక్షణం బట్ట నిండా గాలి పట్టి రివ్వున దూసుకుపోతుంది, మిమ్మల్ని ఇసుక మీద ఈడ్చుకుపోతుంది. ఇది అందరికీ తెలుసు. తెలియంది రెండోది. కైట్ అంచుకు ఇవతల, అంటే గాలి వచ్చే వైపుకు ఉంటే బట్ట పటపటా కొట్టుకుంటుంది. లాగడం లేదు కదా, ఇదే భద్రం అని కొత్తవాళ్లు వదిలేయమంటారు. వదిలాక కైట్ ఎగరదు, వెనక్కి దొర్లుతుంది. లైన్లు వదులవుతాయి. దొర్లుతూ సరిగ్గా విండో మధ్యకు వచ్చి అక్కడ ఒక్కసారిగా గాలి పడుతుంది. అప్పటికి లైన్లు వదులుగా ఉంటాయి కాబట్టి ఆ కుదుపు మొదటి రకం కంటే ఘోరంగా ఉంటుంది. నేను చూసిన పెద్ద దెబ్బలన్నీ ఈ రెండో రకంవే.

కాబట్టి అంచును కొలతతో వెతకకండి, బట్ట చప్పుడుతో వెతకండి. మీ మనిషి కైట్‌ను ముందు గొట్టం నడుమ రెండు చేతులతో పట్టుకుని, ఒక కొన ఇసుకకు ఆనేలా నిలబెడతాడు. మీరు కావాలనే బట్ట కొట్టుకునే చోట మొదలుపెట్టి, లైన్లు బిగువుగా ఉంచుతూ గాలి వచ్చే వైపుకు ఒక్కో అడుగే వేయండి. ముందు బట్టంతా కొట్టుకుంటుంది. తర్వాత వెనక అంచు మాత్రమే రెపరెపలాడుతుంది. ఆ రెపరెప ఆగిన చోటే ఆగండి, ఇంకో అడుగు వేయకండి. జరగాల్సింది మీరే, కైట్ పట్టుకున్న మనిషి కాదు. ఇద్దరూ జరిగితే అంచు దొరకదు. నిలబడ్డాక నాలుగు ఊపిరులు తీసుకునేంతసేపు అలాగే ఉండండి. మళ్లీ రెపరెప మొదలైతే గాలి దిక్కు మారినట్టు, సర్దుకోండి.

ఇప్పుడు లైన్లు బిగువుగా ఉన్నాయి కాబట్టి మూడోసారి చూడండి. ఒకదాని మీదుగా ఇంకోటి పోతోందా? పై కొన దగ్గర లైను చుట్టుకుందా? బ్రైడిల్ గొట్టానికి అవతలి వైపు పడిందా? కొనకు లైను చుట్టుకున్న కైట్‌ను వదిలితే అది తనంతట తనే గింగిరాలు కొడుతూ ప్రతి చుట్టుకూ లాగుతుంది. బార్ వదిలేసినా ఆగకపోవచ్చు. అనుమానం ఉంటే కైట్‌ను కింద పెట్టించి వెళ్లి సరిచేసి రండి. వెనక ఎవరు ఎదురుచూస్తున్నా పర్వాలేదు.

ఇక చేతులు. సంక్రాంతికి గాలిపటాలు ఎగరేసి పెరిగిన మనకు ఒక అలవాటు ఉంటుంది. ఒకడు పటాన్ని ఎత్తి పైకి విసురుతాడు, రెండోవాడు దారం గట్టిగా లాగుతాడు. ఆ రెండు పనులూ ఇక్కడ ప్రాణం మీదకు తెస్తాయి. మీ మనిషి కైట్‌ను విసరకూడదు, తోయకూడదు. ఊరికే చేతులు తెరిచి వెనక్కి తప్పుకోవాలి. మీరు బార్ లాగకూడదు. బార్‌ను దగ్గరకు లాగితే బలం పెరుగుతుంది, దూరంగా జరిపితే తగ్గుతుంది. భయం వేసినప్పుడు చేతికి అందింది గట్టిగా పట్టుకుని గుండెలకు లాక్కోవడం మనిషి స్వభావం. అందుకే తెలివైనవాళ్లూ ఇక్కడ దెబ్బ తింటారు. కైట్ వదలమనే ముందు బార్‌ను దూరంగా జరిపి, ఒక చెయ్యి బార్ నడుమ, రెండో చెయ్యి క్విక్ రిలీజ్ మీద ఉంచండి. ఏం చేయాలో పైకి అనుకోండి: లాగితే బార్ వదులుతాను, ఇంకా లాగితే క్విక్ రిలీజ్, అప్పటికీ లాగితే లీష్. ఆ క్షణం వచ్చాక ఆలోచించే టైమ్ ఉండదు.

అన్నీ కుదిరాక బొటనవేలు పైకెత్తి చూపించండి. మీ మనిషి కూడా బొటనవేలు చూపించాకే వదలాలి. ఏ కొంచెం తేడా కనిపించినా వదలకుండా తల అడ్డంగా ఊపే హక్కు అతనికి ఉంది. ఆ మాట ముందే చెప్పి ఉంచండి. ఫోటో కోసం ఆగిన టూరిస్టును పిలిచి "అన్నా, ఇది కాస్త పట్టుకో" అనడం ఈ ద్వీపంలో రోజూ కనిపిస్తుంది. దయచేసి వద్దు. ఎవరూ దొరక్కపోతే పల్లెకారుల కుర్రాళ్లలో ఒకరిని కూర్చోబెట్టి, కైట్ లైన్లకు కట్టకముందే ఎలా పట్టుకోవాలో, ఎలా వదలాలో చేయించి చూపించండి. గాలి తత్వం వాళ్లకు మనకంటే బాగా తెలుసు, ఒక్కసారికే పట్టేస్తారు. వదిలాక లైన్ల మధ్యలోంచి నడవొద్దని కూడా చెప్పండి. బిగిసిన లైను చర్మాన్ని కోసేస్తుంది.

కొన మీద ఇసుక పోసి ఒంటరిగా లేపుకునే పద్ధతి ఉంది. వీడియోల్లో సులువుగా కనిపిస్తుంది. మనుషులే రాని పొడవాటి బీచిలో, చాలా ఏళ్ల అనుభవం ఉన్నవాళ్లు చేసుకుంటారేమో. ఒక పక్క రోడ్డు, ఒక పక్క ముళ్లకంప ఉన్న ఈ గట్టు మీద మాత్రం చేయకూడదు.

లేచాక, దించేటప్పుడు

కైట్‌ను సముద్రం వైపే, ఆకాశంలో సగం ఎత్తు దాకా మాత్రమే తీసుకెళ్లి నీళ్లలోకి నడవండి. నెత్తి మీద సూటిగా ఉంచుకుని ఒడ్డున కబుర్లు చెప్పొద్దు. అక్కడున్నప్పుడు జోరు గాలి వస్తే మనిషిని అమాంతం పైకి లేపేస్తుంది. నడుములోతు నీళ్లకు వెళ్లాకే బోర్డు.

దించాలంటే అరచేత్తో నెత్తి మీద తట్టుకోండి, ఏ దేశపు కైటర్‌కైనా ఆ సైగ అర్థమవుతుంది. లేపినప్పటి అంచు దగ్గరికే, సముద్రం వైపే కైట్‌ను నిదానంగా దించండి. మీ మనిషి గొట్టం గట్టిగా పట్టుకున్నాక అతని వైపు రెండడుగులు వేసి లైన్లు వదులు చేయండి. పట్టుకునేవాళ్లు లేకపోతే నీళ్లలోనే క్విక్ రిలీజ్ విడిపించి కైట్‌ను పడేయండి. ధనుష్కోటి నుంచి సాయంత్రానికల్లా జనాన్ని బయటకు పంపించేస్తారు కాబట్టి ఆఖరి నిమిషం దాకా నీళ్లలో ఉండి, హడావిడిగా దించకండి.

గదికి వచ్చాక కైట్ మొత్తం కడగాల్సిన పని లేదు, ద్వీపంలో మంచినీళ్లు అంత తేలిగ్గా దొరకవు కూడా. ఒక చెంబెడు నీళ్లు క్విక్ రిలీజ్ మీద పోసి, లోపలి ఇసుక పోయేదాకా నాలుగైదుసార్లు విడిపించి బిగించండి.