దసరా సెలవులకు ముందు యాక్సెస్ పాలసీలు మార్చేవారికి జాగ్రత్తలు

జడ్చర్ల, చౌటుప్పల్ చుట్టుపక్కల యూనిట్లలో బతుకమ్మ మొదలయ్యేసరికి సగం మంది ఊళ్లకు బయలుదేరుతారు. ఉత్పత్తి లైన్ ఎలాగూ ఆగుతుంది కదా అని, విండ్‌చిల్ వంటి లైఫ్‌సైకిల్ సాఫ్ట్‌వేర్‌లో (ఉత్పత్తుల డ్రాయింగులనూ, వాటి రివిజన్లనూ భద్రపరిచేది) వాయిదా వేసుకుంటూ వచ్చిన అనుమతుల మార్పులన్నింటినీ అడ్మిన్లు ఆ రోజులకే పెట్టుకుంటారు. అయితే తప్పు దొర్లితే చెప్పవలసినవారూ, సరిదిద్దవలసినవారూ అప్పుడు అందుబాటులో ఉండరు కనుక, ఈ పనిని సెలవులకు కనీసం మూడు పనిదినాల ముందే ముగించుకోవాలి.

విండ్‌చిల్‌లో ఒక్కో నియమం ఏ డొమైన్‌లో (నియమాలు వర్తించే విభాగం), ఏ రకం డాక్యుమెంటుపై, అది లైఫ్‌సైకిల్‌లో ఏ దశలో ఉండగా, ఎవరికి, ఏ అనుమతి అన్న అయిదింటినీ కలిపి చెబుతుంది. పై డొమైన్‌లో రాసింది కింది డొమైన్లకూ దిగుతుంది. ఇక్కడ గ్రాంట్ (ఇవ్వడం), డినై (నిరాకరించడం), అబ్సల్యూట్ డినై (పూర్తిగా నిరాకరించడం) అని మూడు ఉన్నాయి. వీటిలో చివరిదాన్ని మరే గ్రాంటూ దాటలేదు. నన్ను దెబ్బతీసింది అదే.

ఒక దసరాకు ముందు, సరఫరాదారులు రిలీజైన (వాడకానికి ఆమోదం పొందిన) డ్రాయింగులు తీసుకోకూడదని, బయటివారి గ్రూపుకు డౌన్‌లోడ్‌పై అబ్సల్యూట్ డినై పెట్టాను. మా ఇన్‌స్పెక్షన్‌లోని కాంట్రాక్టు మనుషులు కూడా ఆ గ్రూపులోనే ఉన్నారని చూసుకోలేదు. రీడ్, డౌన్‌లోడ్ వేర్వేరు అనుమతులు కావడంతో, సెలవుల తర్వాత మొదటి షిఫ్టులో తెర మీద డ్రాయింగు పేరూ, రివిజన్ 'సి' అన్న అక్షరమూ కనిపిస్తున్నాయి గానీ ఫైలు మాత్రం తెరుచుకోలేదు. ఇన్‌స్పెక్టర్ సొరుగులోంచి పాత ప్రింటు తీశాడు. రివిజన్ అక్షరం ఉండే మూలన నూనె మరక ఉంది. ఆ ప్రింటు పాత రివిజన్ 'బి'. మధ్యాహ్నానికి నలభై ముక్కలు తప్పు కొలతతో పాసయ్యాయి. అతనికి విడిగా గ్రాంట్ ఇచ్చి చూశాను, ఫలితం లేదు. అసలు నియమాన్ని తీసేశాకే ఫైలు తెరుచుకుంది.

అందుకే నా మాట ఇది: ఎవరికైనా ఒక అనుమతి వద్దనుకుంటే, వీలైనంతవరకు ఇవ్వకుండా ఊరుకోవాలి. గ్రాంట్ లేనిచోట ప్రవేశం దానంతటదే ఉండదు, కాబట్టి నిషేధం రాయవలసిన అవసరం చాలా అరుదు. తప్పనిసరై రాసినా, ముందుగా ఆ గ్రూపులోని పేర్లనూ, దాని లోపలి ఉపగ్రూపులనూ ఒక్కొక్కటిగా విప్పి చూడాలి. టీమ్‌సెంటర్ అనే ఇలాంటి మరో సాఫ్ట్‌వేర్ వాడేవారు రూల్ ట్రీలో (నియమాలను చెట్టులా అమర్చిన జాబితా) నియమాల వరుసను కూడా గమనించాలి. ఒక నియమం పైకో కిందికో జరిగితే ఫలితం మారిపోవచ్చు.

మార్చబోయే నియమాలను ఉన్నవి ఉన్నట్టుగా రాసి పెట్టుకుని, టెస్ట్ సర్వర్‌లో మార్చి, అక్కడ మామూలు ఉద్యోగి లాగిన్‌తో పరీక్షించాలి. అడ్మిన్ లాగిన్‌కు అన్నీ తెరుచుకుంటాయి కనుక దానితో చూసిన పరీక్ష పరీక్షే కాదు. రిలీజైన దశలో మాడిఫై (మార్చే అనుమతి) ఎవరికి మిగిలి ఉందో, ఉద్యోగం మానేసినవారి ఖాతాలు ఇంకా తెరిచి ఉన్నాయేమో కూడా అప్పుడే చూసుకోవచ్చు.

సెలవుల తర్వాత మొదటి షిఫ్టు మొదలయ్యే వేళకు అడ్మిన్ స్వయంగా ఇన్‌స్పెక్షన్ బల్ల దగ్గరికి వెళ్లి, అక్కడి మనిషి చేతే ఒక డ్రాయింగును తెరిపించి చూడాలి. ఆ బల్ల సొరుగులోని పాత ప్రింట్లను సెలవులకు ముందే తీసి చించేయించాలి.