పొగమంచులో ఓడ కూతలు: ఎప్పుడు ఏది మోగించాలి

కర్నూలు, కడప, అనంతపురం జిల్లాల నుంచి మర్చంట్ నేవీ శిక్షణకు సిద్ధమయ్యే పిల్లలకు ఓడ కూత చెవిన పడే వీలు తక్కువ కాబట్టి, ఈ సంకేతాలను పట్టిక చూసి బట్టీపట్టే కంటే స్టాప్‌వాచ్ పెట్టుకొని నోటితో కూస్తూ నేర్చుకోవడం మేలు. పొట్టి కూత సుమారు ఒక సెకను, దీర్ఘ కూత నాలుగు నుంచి ఆరు సెకన్లు; ముందుగా ఈ తేడా నోటికి అలవాటు కావాలి.

సముద్రంలో ఓడలు ఢీకొనకుండా 1977లో అమలులోకి వచ్చిన అంతర్జాతీయ నియమావళిలోని 35వ నియమం పొగమంచుకే కాదు, కుండపోత వానకూ ఇసుక తుఫానుకూ, పగలైనా రాత్రైనా వర్తిస్తుంది. ఇంజను ఓడ నీటిలో సాగుతుంటే, రెండు నిమిషాలకు మించి విరామం రాకుండా ఒక్కో దీర్ఘ కూత వేయాలి. లంగరు వేయకుండానే నిలిచిపోతే, మధ్యలో సుమారు రెండు సెకన్లు విడిచి రెండు దీర్ఘ కూతలు వేయాలి. చాలామంది తడబడేది ఇక్కడే: ఇంజను ఆపినంత మాత్రాన ఓడ ఆగదు, ఊపు పూర్తిగా చచ్చేదాకా పాత కూతే కొనసాగాలి.

తెరచాప ఓడ, చేపలు పట్టే ఓడ, మరొకదాన్ని లాగే ఓడ, అదుపు తప్పిన ఓడ, అన్నీ ఒక దీర్ఘ, రెండు పొట్టి కూతలే వేస్తాయి. కాబట్టి అది విన్నవారు ఓడ రకాన్ని ఊహించకుండా, సులువుగా తప్పుకోలేనిదేదో దగ్గరలో ఉందని మాత్రమే గ్రహించాలి.

లంగరు వేసిన ఓడ నిమిషానికోసారైనా అయిదు సెకన్లపాటు, హారతి వేళ గుడిగంటలా ఎడతెగకుండా గంట కొట్టాలి. పొడవు 100 మీటర్లు, అంతకు మించితే ఆ గంటను ముందు భాగంలో కొట్టి, ఆ వెంటనే వెనుక భాగంలో గాంగ్ (కొట్టి మోగించే లోహపు పళ్లెం) కూడా మోగించాలి. నేల తట్టిన ఓడయితే ఆ గంటకు ముందూ వెనుకా మూడేసి విడి దెబ్బలు చేర్చాలి. 12 మీటర్ల లోపు పడవకు ఈ లెక్కలు తప్పనిసరి కావు గానీ, రెండు నిమిషాలకు మించి విరామం రాకుండా ఏదో ఒక గట్టి శబ్దం చేయాల్సిందే.

మంచులో శబ్దం వచ్చే దిక్కును చెవి సరిగా పట్టలేదు కనుక, కూత విన్నంతనే చుక్కాని తిప్పకూడదు. ముందువైపు నుంచి వినబడితే, ఢీకొనే ప్రమాదం లేదని తేలిన సందర్భంలో తప్ప, ఓడ దారి తప్పకుండా నిలిచేంత కనిష్ఠ వేగానికి దిగాలి, అవసరమైతే పూర్తిగా ఆపాలి. కుడికి తిరుగుతున్నానని తెలిపే ఒక పొట్టి కూత ఓడలు ఒకదానికొకటి కంటికి కనబడినప్పటిదే గానీ, మంచులో రాడార్ తెర చూసి వేసేది కాదు.