ఆర్టిస్టు చేత బొమ్మ వేయించుకోవాలంటే ముందు ఉత్తరం పొట్టిగా రాయండి

ఇష్టమైన కామిక్ ఆర్టిస్టుకి డబ్బులిచ్చి, మనకోసమే ఒక ఒరిజినల్ బొమ్మ వేయించుకోవడం ఎలా అని ఈమధ్య మావైపు కుర్రాళ్లు బాగా అడుగుతున్నారు. ప్రతివాడికీ ఫోన్లో గంటసేపు చెప్పే ఓపిక లేక ఇక్కడ రాసేస్తున్నాను. నేను ఆర్టిస్టుని కాదండి, పాలకొల్లులో రొయ్యల మేత అమ్ముకుంటాను, చిన్నప్పుడు చందమామ చదివి చెడిపోయిన బాపతు. ఇప్పటికి పంతొమ్మిది బొమ్మలు వేయించుకున్నాను. అందులో మూడు పాడయ్యాయి, రెండు నా అతి వల్ల, ఒకటి మా ఊరి చెమ్మ వల్ల. ఈ మూడింటి గురించే ఎక్కువ చెబుతాను, బాగా వచ్చిన వాటి గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ ఉండదు.

పాడైన మూడింటిలో మొదటిది విక్రమార్కుడు, భేతాళుడు. మా తరానికి ఆ జంట అనగానే చందమామలో శంకర్ గారు వేసిన బొమ్మే కళ్లముందుకొస్తుంది, భుజం మీద శవం, చేతిలో కత్తి. ఆయన 2020లో పోయారు. సరే, ఇప్పటి ఆర్టిస్టు ఒకాయన ఆ ఇద్దర్నీ తన పద్ధతిలో వేస్తే ఎలా ఉంటుందో చూడాలనిపించి ఆయనకి మెయిల్ రాశాను. రాశానంటే మామూలుగా కాదు, ఫలానా మూల చంద్రుడు, ఇటుపక్క మర్రిచెట్టు, దానికి ఊడలు ఎన్నుండాలో కూడా, కింద పుర్రె, పుర్రె పక్కన నక్క, రాజు ముఖంలో ధైర్యం ఉండాలి, విసుగుండాలి, కొంచెం జాలి కూడా ఉండాలి. పాపం ఆయన మంచివాడు, అన్నీ వేశాడు. తీరా చూస్తే పెళ్లిలో తీసిన గ్రూప్ ఫోటోలా ఉంది, ఎవరినీ వదలకుండా నిలబెట్టినట్టు. తప్పు ఆయనది కాదు. ఊడలు లెక్కపెట్టి చెప్పినవాడిది.

ఇప్పుడు ఎలా రాస్తానో చూడండి:

"నమస్తే సార్. మీ ఇంకు బొమ్మలు చాలా ఇష్టం, ముఖ్యంగా వాన పడుతున్నవి. నాకు విక్రమార్కుడు, భేతాళుడు కావాలి. నడుం నుంచి పైకి చాలు, నలుపు తెలుపు, ఏ3 కాగితం మీద. రాజు బాగా అలిసిపోయాడు, భేతాళుడు మాత్రం మంచి హుషారు మీదున్నాడు. మిగతాదంతా మీ ఇష్టం. దసరాలోపు వస్తే బాగుంటుంది, రాకపోయినా పర్వాలేదు. మొత్తం ఎంతవుతుందో, అడ్వాన్స్ ఎంత పంపాలో చెప్పండి."

అంతే. ఎవరు, ఎంతవరకు, ఏ కాగితం, రంగా కాదా, ఎప్పటికి, ఎంత. వీటితోపాటు ఒకే ఒక్క వాక్యం భావం గురించి. అలిసిపోయిన రాజు, హుషారైన భేతాళుడు అన్న ముక్క చాలు ఆర్టిస్టు చెయ్యి కదలడానికి. చంద్రుణ్ణి ఎక్కడ పెట్టాలో ఆయనకి మనకన్నా బాగా తెలుసు, మనం డబ్బిచ్చేది కూడా ఆ తెలిసినదానికే. కాస్ట్యూము, ఆయుధం లాంటివి తప్పు పోకూడదనుకుంటే రెండు మూడు రిఫరెన్స్ ఫోటోలు జతచేయండి, నలభై కాదు.

రెండో బొమ్మ పాడైన కథ చెప్పుకోవడానికి కాస్త సిగ్గుగానే ఉంటుంది. బాపు గారు పుట్టింది మా పక్కనే, నరసాపురంలో, 1933లో. అందుకని మా డెల్టాలో బొమ్మ అన్నమాట వస్తే చాలు "బాపు బొమ్మలా ఉండాలండి" అంటాం, అదొక ఊతపదం అయిపోయింది. నేనూ ఒకమ్మాయికి అదే రాశాను. ఆవిడ చక్కటి ఆర్టిస్టు, సొంత గీత ఉంది, కళ్లు చిన్నవిగా వేసి కనుబొమల్లో కథ చెబుతుంది. బాపులా అన్నాను కదా అని వాలుజడ, పెద్ద కళ్లు తెచ్చిపెట్టుకుని వేసింది. అటు బాపూ కాదు, ఇటు ఆవిడా కాదు. బాపు గారు 2014లో వెళ్లిపోయారు, ఇంక ఎవరు వేసినా అది అనుకరణే. ఆ డబ్బుతో ఆ అమ్మాయి బొమ్మే వేయించుకోవాల్సింది. కాబట్టి ఎవరి గీత నచ్చితే వాళ్ల దగ్గరికే వెళ్లండి, ఒకరి గీత ఇంకొకరిని అడగొద్దు. ఏఐలో చేసిన బొమ్మ పంపి "ఇలాగే వేసివ్వండి" అనడం ఇంకా ఘోరం, అలా అడిగితే చాలామంది జవాబు కూడా ఇవ్వరు, నేనైతే వాళ్లనే సమర్థిస్తాను.

అడిగే ముందు ఒక విషయం తేల్చుకోండి: ఆయన కాగితం మీద వేస్తారా, ట్యాబ్‌లో వేస్తారా? ఇప్పుడు చాలామంది కామిక్ ఆర్టిస్టులు స్క్రీన్ మీదే మొదలుపెట్టి స్క్రీన్ మీదే ముగిస్తారు. అది తక్కువ పనేం కాదు, కానీ అక్కడ ఒరిజినల్ కాగితం అంటూ ఉండదు, మీకు వచ్చేది ఫైలు లేదా ప్రింటు. గోడకి ఒరిజినల్ కావాలంటే "కాగితం మీద ఇంకుతో" అని మొదటి ఉత్తరంలోనే రాయండి. అలాగే అమెరికన్ కామిక్స్‌లో పెన్సిల్ వేసేది ఒకరు, దాని మీద ఇంకు దిద్దేది మరొకరు కావడం మామూలే. మీకు ఇష్టమైన ఆ పేజీలో మీరు మురిసిపోయిన గీత నిజానికి ఎవరిదో ఒకసారి పేర్లు చూసుకుని అడగండి. అచ్చయిన పేజీల ఒరిజినల్స్ కూడా కొందరు అమ్ముతారు. అవి సాధారణంగా 11×17 అంగుళాల అట్ట మీద వేసి, అచ్చులో చిన్నవి చేసినవి. పుస్తకంలో చూసిన పేజీ చేతికొచ్చేసరికి అంత పెద్దగా ఉంటే భలే ఉంటుంది.

రేటు సంగతి. తల ఒక్కటే అయితే ఒక రేటు, నడుం నుంచి పైకి అయితే ఒకటి, నిలువెత్తు మనిషి ఒకటి. పెన్సిల్ కంటే ఇంకు ఎక్కువ, ఇంకు కంటే రంగులు ఎక్కువ. వెనకాల కోటా, ఊరూ కావాలంటే అది వేరే, రెండో మనిషి వస్తే దాదాపు ఇంకో బొమ్మ కిందే లెక్క. బడ్జెట్ తక్కువైతే రెండున్నర అంగుళాల వెడల్పు, మూడున్నర పొడవుండే స్కెచ్ కార్డుతో మొదలుపెట్టండి, లేదా ఒట్టి తల అడగండి. బేరం మాత్రం వద్దు. చేపల మార్కెట్లో ఆడే బేరం ఇక్కడ ఆడితే, ఒప్పుకున్నవాడు కూడా మనసు పెట్టి వేయడు. నా దగ్గర ఇంతే ఉంది సార్, ఇందులో ఏమొస్తుంది అని అడగండి, అది బేరం కాదు, మర్యాద. "మీకు మంచి పబ్లిసిటీ వస్తుంది, ఫ్రీగా వేయండి" అనే మహానుభావులు ఇక్కడితో చదవడం ఆపేయొచ్చు.

సగం అడ్వాన్స్, సగం బొమ్మ పూర్తయ్యి ఫోటో పంపాక, కొరియర్ ఖర్చు మనది. ఇదే నేను పాటించే పద్ధతి. మార్పులు చెప్పాలంటే పెన్సిల్ దశలోనే చెప్పాలి. ఒక పెన్సిల్ రఫ్ పంపమని ముందే అడగండి, చూసి ఒకేసారి చెప్పండి, ఇంటిల్లిపాదికీ ఫార్వర్డ్ చేసి ఒక్కొక్కరి అభిప్రాయం రోజుకొకటి చేరవేయకండి. ఇంకు పడ్డాక చెయ్యి మార్చమనడం అంటే మళ్లీ మొదట్నుంచి వేయమనడమే. ఆలస్యం అవుతుంది, తప్పకుండా అవుతుంది. నెలకోసారి "సార్, కుదిరినప్పుడే" అని ఒక ముక్క పెడితే చాలు. రోజూ గుడ్ మార్నింగ్ పువ్వుల బొమ్మలు పంపే అలవాటుంటే ఆర్టిస్టుని మాత్రం వదిలేయండి.

నేరుగా కలిసి వేయించుకోవాలంటే హైదరాబాద్ కామిక్ కాన్ ఉంది, అంటే కామిక్స్ అభిమానుల జాతర. రాత్రి నరసాపురం ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి అక్కడుంటాం. ఆర్టిస్టులు బల్లలు వేసుకుని కూర్చుంటారు, స్కెచ్‌ల లిస్టు ఉంటుంది, పొద్దున్నే వెళ్లి పేరు రాయించుకోకపోతే మధ్యాహ్నానికి నిండిపోతుంది. డబ్బిచ్చి, చెప్పాల్సింది చెప్పి, పక్కకెళ్లి తిరిగి రండి. భుజం మీదుగా తొంగి చూస్తూ నిలబడితే ఎవరికైనా చెయ్యి వణుకుతుంది. కొందరు ఒక స్కెచ్‌బుక్ పట్టుకెళ్లి, దొరికిన ప్రతి ఆర్టిస్టుతోనూ ఒకే పాత్రని వేయిస్తారు. నా పుస్తకంలో అన్నీ భేతాళుళ్లే, ఒక్కొక్కడూ ఒక్కోలా వేలాడుతుంటాడు, ఒకడైతే ఫోన్ చూసుకుంటున్నాడు. తిరుగు ప్రయాణానికి నా చిట్కా: పరీక్షలకి పట్టుకెళ్లే ప్యాడ్లు రెండు కొనుక్కెళ్లండి. బొమ్మని ప్లాస్టిక్ కవర్లో పెట్టి రెండు ప్యాడ్ల మధ్య బిగించి, చుట్టూ రబ్బరు బ్యాండ్లు వేస్తే పై బెర్త్ మీద పడుకుని తలకింద పెట్టుకున్నా ఏమీ కాదు.

కొరియర్లో వచ్చేదైతే గొట్టంలో చుట్టి పంపొద్దని చెప్పండి, మందపాటి కాగితం చుడితే ముడత పడుతుంది, దట్టంగా పూసిన రంగు పగులుతుంది. ముందు ప్లాస్టిక్ కవరు, దానికి అటూ ఇటూ డబ్బా అట్టలు, ఒక అట్టలో లోపలి ముడతల గీతలు నిలువుగా, రెండోదానిలో అడ్డంగా ఉండేలా. అప్పుడు ఎటు వంచినా వంగదు. మా వీధిలో పార్సిల్ గేటు మీదుగా విసిరేసి పోతారు, అందుకే నేను కొట్టు అడ్రసు ఇస్తాను.

చేతికొచ్చాక కిటికీ దగ్గర ఏటవాలుగా పట్టుకుని చూడండి. ఇంకు అడుగున చెరిపిన పెన్సిల్ గీతలు లీలగా కనిపిస్తాయి, తప్పు దిద్దిన చోట తెల్ల రంగు కాస్త ఉబ్బుగా ఉంటుంది, పాళీ గట్టిగా నొక్కిన చోట ఒక్కోసారి వెనకవైపు వేలికి తగులుతుంది. అచ్చు కాగితమైతే చాలాసార్లు భూతద్దంలో చుక్కలు చుక్కలుగా కనిపిస్తుంది. చనిపోయిన పెద్ద ఆర్టిస్టుల "ఒరిజినల్" అని ఎవరైనా అమ్మజూపితే ఈ పరీక్ష చేయకుండా జేబులో చెయ్యి పెట్టకండి.

హక్కుల గురించి రెండు ముక్కలు, ఎందుకంటే ఇక్కడే స్నేహాలు చెడతాయి. కాగితం మీ సొంతమైనంత మాత్రాన ఆ బొమ్మని టీషర్టుల మీద వేసుకునే హక్కు వచ్చిందనుకోవద్దు. అలాగని హక్కు అసలు రాదనీ కాదు, మన 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, డబ్బిచ్చి వేయించుకున్న పెయింటింగుకీ, పోర్ట్రెయిటుకీ, వేరే ఒప్పందం లేకపోతే వేయించుకున్నవాడే మొదటి హక్కుదారు. మామూలు స్కెచ్ ఆ కిందకి వస్తుందా రాదా అని వాదించుకోవచ్చు, అందుకే "ఇంట్లో పెట్టుకోవడానికే, అచ్చు వేయను" అని మెయిల్‌లో ఒక లైను రాసుకోవడం ఇద్దరికీ మంచిది. స్పైడర్‌మ్యాన్ లాంటి పాత్ర అయితే అది అసలు మీ ఇద్దరిదీ కాదు, కంపెనీది. ఇక 57వ సెక్షన్ ప్రకారం బొమ్మ కింద తన పేరుండాలనే హక్కు ఆర్టిస్టుకి ఉంటుంది, కాబట్టి ఆన్‌లైన్‌లో పెట్టేటప్పుడు సంతకం కత్తిరించకండి.

ఇక మూడో బొమ్మ. ఏ తప్పూ లేని బొమ్మ అది. మా ఊళ్లో పటాలు కట్టే షాపులో అద్దానికి ఆనించి బిగించి, వెనక అట్టకి జిగురు పూసి అంటించి ఇచ్చారు, నేనూ ఏమీ అనలేదు. శ్రావణంలో వారం రోజులు ముసురు పట్టింది. తర్వాత చూస్తే కాగితం అద్దానికి అతుక్కుపోయి, బొమ్మలోని ముఖం మీద గోధుమరంగు మచ్చలు, ఒక మూల తెల్లగా బూజు. లాగితే ఇంకు అద్దంతోపాటు ఊడొచ్చింది. మన గోదావరి గాలిలో నీళ్లుంటాయి, అంతర్వేది వైపైతే ఉప్పు కూడా, కాగితానికి అంతకన్నా శత్రువు లేదు.

అప్పట్నుంచి షాపువాడి పక్కన నిలబడి చేయిస్తున్నాను. "బాబాయ్, జిగురొద్దు, మూలలకి కాగితం తొడుగులు పెట్టు, అద్దానికీ బొమ్మకీ మధ్య మౌంట్ పెట్టు" అని. మౌంట్ అంటే బొమ్మ చుట్టూ కిటికీలా కోసిన మందపాటి అట్ట, అది ఉంటే అద్దం తగలదు. వెనక అట్ట ఆమ్లం లేనిదై ఉండాలి, మన దగ్గర దొరక్కపోతే ఆర్ట్ సామాన్ల షాపు నుంచి ఆన్‌లైన్లో తెప్పించుకుని ఇవ్వండి. ఫ్రేము వెనక నాలుగు మూలలా చిన్న కార్కు ముక్కలు అంటిస్తే గోడకీ ఫ్రేముకీ మధ్య గాలి ఆడుతుంది. వాన కొట్టే బయటి గోడకి తగిలించొద్దు, లోపలి గోడకే. ఫ్రేము కట్టనివాటిని ప్లాస్టిక్ కవర్లలో, స్టీలు బీరువాలో పైఅరలో పడుకోబెట్టి, పక్కన సిలికా జెల్ పొట్లాలు పెడతాను. కలరా ఉండలు పెడితే పురుగు రాదు కానీ కాగితానికి తగలకుండా చూసుకోండి. లామినేషన్ చేయించే ఆలోచన మాత్రం మానుకోండి, ఆ వేడికీ జిగురుకీ ఒరిజినల్ కాస్తా రేషన్ కార్డు అవుతుంది.

చాలా మార్కర్ రంగులు, కొన్ని జెల్ పెన్ను గీతలు వెలుతురుకి వెలిసిపోతాయి, నల్ల పిగ్మెంట్ ఇంకు, అంటే సన్నటి రంగుపొడితో చేసినది, నిలుస్తుంది. ఏవి వాడారో ఆర్టిస్టునే అడిగి, బొమ్మ వెనక పెన్సిల్‌తో సన్నగా రాసుకోండి, తేదీతో సహా.

గోడకి తగిలించాక ఒక ఫోటో తీసి ఆర్టిస్టుకి పంపండి, వాళ్లకి అది నిజంగా నచ్చుతుంది. ఆ అలిసిపోయిన రాజు ఫోటో పంపితే అది వేసినాయన థాంక్స్ కూడా చెప్పలేదు, "పక్కన కిటికీ ఉన్నట్టుంది, ఎటువైపుదండి?" అని అడిగాడు. పడమటి కిటికీ అన్నాను. "అయితే ఆ గోడ మార్చండి" అన్నాడు. మార్చాను.