గుంపులో సాయం అడిగేటప్పుడు ఒక్కరినే చూసి అడగండి

కర్నూలు బళ్లారి చౌరస్తాలో బైకు జారి ఎవరైనా పడితే చూస్తుండగానే జనం మూగుతారు. అప్పుడు "ఎవరన్నా 108కి చెయ్యండప్పా" అని అరిస్తే ఫోన్ వెళ్లకపోవచ్చు. జాలి లేక కాదు, పక్కనోడు చేసే ఉంటాడులే అని ప్రతి ఒక్కరూ అనుకుంటారు.

1968లో డార్లీ, లతానే అనే మనస్తత్వవేత్తలు అమెరికాలో దీన్ని పరీక్షించారు. ఇంటర్‌కమ్‌లో ఒకరికి మూర్ఛ వచ్చినట్టు వినిపించారు. తానొక్కడే వింటున్నాననుకున్నవాళ్లలో 85 శాతం మంది ఆ గొంతు ఆగేలోపే వెళ్లి చెప్పారు. ఇంకో నలుగురు వింటున్నారనుకున్నవాళ్లలో 31 శాతమే.

అందుకే వేలెత్తి చూపి, గుర్తుపట్టి, ఒకరికి ఒకే పని చెప్పండి: "నీలం చొక్కా అన్నా, నువ్వు 108కి చెయ్, మాట్లాడినాక నాకు చెప్పు." ఆ చివరి మాట వదలొద్దు, పని అయిందో లేదో తేలేది దాంతోనే. హైవే మీదైతే కిలోమీటరు రాయి నంబరు చెప్పించండి. ఆటో అన్నను బండి అడ్డం పెట్టమనండి.

బస్టాండులో ఎవరైనా పడి ఉంటే ఇంకో చిక్కు. అందరూ నిమ్మళంగా పోతుంటే తాగి పడ్డాడనే అనుకుంటాం. "ఈయనకు ఊపిరి ఆడట్లేదు" అని గట్టిగా చెబితేనే కాళ్లు ఆగుతాయి.

కేసులో ఇరుక్కుంటామని జంకేవాళ్లకు ఒక మాట: రోడ్డు ప్రమాదంలో మంచి మనసుతో సాయపడినవారికి మోటారు వాహనాల చట్టం 134ఏ సెక్షన్ రక్షణ ఇస్తుంది. పేరు చెప్పమని బలవంతపెట్టకూడదు.